తప్పు చేతిదా, మీటదా?

మొన్న సంక్రాంతికి మా ఆడపడుచు తన కొత్త వియ్యంకుల్ని వెంటబెట్టుకుని మా యింటికి వచ్చింది. తెల్లవారుజామున కరెంటు పోయింది. పోతే పోయింది, కాఫీ కలపడానికి కరెంటుతో పనేముంది, పదేళ్ళుగా అలవాటైన వంటిల్లేగా అనుకున్నాను. కిటికీలోంచి వచ్చే మసక వెలుతురులోనే డికాక్షన్‌లో పాలు పోసి, డబ్బా తీసి, గ్లాసుకి రెండేసి చెంచాలు వేసి పట్టుకెళ్ళాను. వియ్యంకుడుగారు ఒక గుక్క తాగి గ్లాసు మెల్లిగా కింద పెట్టారు. మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. వియ్యపురాలిగారి మొహం చూశాకగాని నాకు అర్థం కాలేదు. నేను వేసింది పంచదార కాదు, ఉప్పు!

"మనసెక్కడ పెట్టుకుని చేస్తావమ్మా పని?" అన్నారు మా అత్తయ్యగారు. ఏం చెప్పను? పరధ్యానం నాదే, తప్పు నాదే అని ఒప్పేసుకుని మళ్ళీ కాఫీ కలిపాను.

కాని మధ్యాహ్నం డబ్బాలు తుడుస్తూ చూద్దునుగదా, రెండూ ఒకే సెట్టులోవి. ఒకే ఎత్తు, ఒకే మూత, ఒకే మెరుపు. పక్కపక్కనే వుంటాయి. లోపల చూస్తే రెండూ తెల్లగా, మెత్తగానే వున్నాయి. మా అమ్మమ్మ కాలంలో రాళ్ళ ఉప్పు జాడీలో వుండేది. అందులో కొబ్బరిచిప్ప గరిటె. పంచదార సీసాలో వుండేది. దీపం బుడ్డి కూడా లేని చీకట్లో అమ్మమ్మ ఉప్పుకి బదులు పంచదార వేసిందని ఎవరూ చెప్పగా వినలేదు. మరి ఆవిడకి నాకంటే శ్రద్ధ ఎక్కువా? లేక ఆవిడ చేతికి జాడీయే చెప్పేదా, "నేను ఉప్పునమ్మా" అని?

నవ్వకండి. సరిగ్గా ఈ ప్రశ్నే ఒకప్పుడు వేలమంది పైలట్ల ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న అయింది.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. అమెరికా సైన్యంలో బి-17 అని నాలుగు ఇంజన్ల పెద్ద బాంబర్లు వుండేవి. శత్రువుల గుళ్ళవాన తప్పించుకుని వచ్చి, క్షేమంగా రన్‌వే మీద దిగిన విమానం, దిగిన తర్వాత ఉన్నట్టుండి చక్రాలు ముడుచుకుని పొట్టమీద చతికిలబడేది! ఒకసారి కాదు, పదే పదే. ఎవరు ముడిచారు చక్రాలు? పైలటే. ఎందుకు? అది ఆయనకే తెలియదు. విచారణ చేసినవాళ్ళు కాగితం మీద "పైలట్ పొరపాటు" అని రాసి ఫైలు మూసేసేవారు. మా అత్తయ్యగారి మాటే, కాస్త సర్కారు భాషలో!

ఒహాయో రాష్ట్రంలో డేటన్ దగ్గర రైట్ ఫీల్డ్ అనే సైనిక విమానకేంద్రం వుండేది. అక్కడి వైద్యపరిశోధనశాలలో ఆల్ఫాన్స్ చపానిస్ అనే యువకుడు కొత్తగా చేరాడు. ఆయన ఇంజనీరు కాదు, మనస్తత్వ శాస్త్రం చదువుకున్నవాడు. 1943లో ఈ సమస్య ఆయన ముందుకు వచ్చింది. ఆయన పైలట్ల మనసుల్ని పరీక్షించే ముందు విమానంలో కెక్కి వాళ్ళ సీట్లో కూర్చుని చూశాడు.

చూస్తే సంగతి ఎంత తేలికో! విమానం దిగేటప్పుడు రెక్కల వెనక అంచున వుండే పలకల్ని కిందకి దించుతారు. వాటిని ఫ్లాప్స్ అంటారు. నేలమీదకు వచ్చాక వాటిని మళ్ళీ పైకి ముడవాలి. ఆ ఫ్లాప్స్ మీట, చక్రాల మీట పక్కపక్కనే వున్నాయి. రెండూ ఒకే ఆకారం, ఒకే సైజు. పది గంటలు ఎగిరి, అలిసి సొలిసి, కళ్ళు రన్‌వే మీద పెట్టి చెయ్యి చాపిన మనిషికి ఏది ఏదో ఎలా తెలుస్తుంది? చపానిస్ ఇంకొకటి గమనించాడు. సీ-47 అనే సరుకుల విమానం నడిపేవాళ్ళు ఈ పొరపాటు చెయ్యడం లేదు. అందులో ఆ రెండింటి అమరిక వేరు. అంటే మనుషులు ఒకటే, మీటలే వేరు!

అప్పుడాయన చేసిన మందు ఇదీ: చక్రాల మీట చివర చిన్న రబ్బరు చక్రం తగిలించాడు. ఫ్లాప్స్ మీటకి రెక్కలాగా పలచటి ముక్క తగిలించాడు. చూడనక్కర్లేదు, ముట్టుకుంటే చాలు. చక్రాల మీట గుండ్రంగా తగులుతుంది, రెక్క మీట పలకలా తగులుతుంది. అంతే, ఆ జబ్బు కుదిరింది. ఈనాటికీ పెద్ద ప్రయాణీకుల విమానాల్లో చక్రాల మీట చక్రం ఆకారంలోనే, ఫ్లాప్స్ మీట రెక్క ఆకారంలోనే వుండాలని అమెరికా నిబంధనల్లో రాసి వుంది. అమ్మమ్మ జాడీ, కొబ్బరిచిప్ప గరిటె విమానమెక్కాయన్నమాట!

యుద్ధం ముగిసింది. అదే రైట్ ఫీల్డ్‌లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పైలట్లను పిలిచి, "మీకు జరిగిన పొరపాటు గాని, మీ కళ్ళముందు జరిగింది గాని చెప్పండి" అని అడిగారు. 1947లో రెండు నివేదికలు వచ్చాయి. మీటల విషయంలో జరిగిన 460 పొరపాట్లు ఒకదానిలో, గడియారాల్లాంటి ఆ పరికరాల్ని తప్పుగా చదివిన 270 పొరపాట్లు ఇంకోదానిలో. ఆ నివేదికల పేర్లలో "పైలట్ పొరపాటు" అన్న మాటని వాళ్ళు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టారు. ఆ చిన్న గుర్తుల్లో ఎంత మర్యాద వుందో చూడండి! "మీరంతా అంటున్నారు కాబట్టి అంటున్నాం, మాకైతే నమ్మకం లేదు" అన్నట్టు.

మీటల పొరపాట్లలో దాదాపు సగం ఒకటి బదులు ఇంకొకటి పట్టుకున్నవే. ఎందుకు పట్టుకోరు? ఇంజనుకి సంబంధించిన మూడు ముఖ్యమైన మీటలు ఒక రకం విమానంలో ఒక వరసలో వుంటే, ఇంకో రకంలో ఇంకో వరసలో వున్నాయి. ఈ వారం ఇది నడిపిన పైలటు వచ్చేవారం అది నడపాలి. ఆడపిల్లలకి ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. పుట్టింట్లో పోపులపెట్టె ఎడంచేతి వైపు, అత్తింట్లో కుడిచేతి వైపు. కొత్తకోడలు ఆవాల కోసం చెయ్యి చాపితే మెంతులు వస్తాయి. "పనిరాని పిల్ల" అని పేరూ వస్తుంది.

ఇంత చెప్పాక, ఆ పరికరాలన్నీ పైలటు ముందు ఎందుకు అంత గుంపుగా చేరాయో చెప్పుకోవాలి. మొదట్లో విమానం నడపడమంటే బయటకి చూసి నడపడమే. మబ్బులోకి వెళ్తే మాత్రం గండమే. మనం చిన్నప్పుడు ఒప్పులకుప్ప తిరిగి ఆగితే, కాళ్ళు ఆగినా లోకం తిరుగుతూనే వుండేది కదూ? చెవి లోపల మన తూకం చూసే ఏర్పాటు చేసే మోసమది. మబ్బులో పైలటుకీ అంతే. విమానం ఒక పక్కకి వాలిపోతున్నా తిన్నగా వున్నట్టే అనిపిస్తుంది. నమ్ముకుంటే ప్రాణం పోతుంది.

1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ అనే పైలటు తన సీటు చుట్టూ ముసుగు వేయించుకుని విమానం ఎక్కాడు. బయట ఏమీ కనబడదు. ముందున్న పరికరాల్ని మాత్రం చూసి లేచాడు, తిరిగాడు, దిగాడు. ముందు సీట్లో జాగ్రత్తకోసం మరో పైలటు కూర్చున్నా, చెయ్యి పెట్టే అవసరం రాలేదు. ఆ పరికరాల్లో ముఖ్యమైనది కృత్రిమ క్షితిజం. నేల, ఆకాశం కలిసే గీతని అద్దం వెనక బొమ్మలా చూపిస్తుంది. గీత వాలితే విమానం వాలినట్టు. ఆ రోజు నుంచీ పైలటు చెవిని వదిలి కంటిని నమ్ముకున్నాడు. ఆ కంటికి ఏది ఎలా చూపిస్తున్నామన్నది ప్రాణసమస్య అయింది.

ఎలా చూపించారో ఒక ఉదాహరణ చెప్తాను. ఎత్తు చెప్పే పరికరానికి మూడు ముళ్ళుండేవి. గడియారం మొహమే, కాకపోతే సున్నా నుంచి తొమ్మిది వరకే అంకెలు. పొడుగు ముల్లు వందల అడుగులు, పొట్టి ముల్లు వేల అడుగులు, మరీ చిన్నముల్లు పదివేల అడుగులు చెప్తుంది. ఇప్పుడు విమానం 11,500 అడుగుల ఎత్తులో వుందనుకోండి. పొడుగు ముల్లు 5 మీద, పొట్టి ముల్లు 1కీ 2కీ మధ్య వుంటాయి. మరి 1,500 అడుగుల్లో? పొడుగు ముల్లు 5 మీదే, పొట్టి ముల్లు 1కీ 2కీ మధ్యే! తేడా అంతా ఆ చిన్నముల్లు కాస్త జరగడంలో వుంది. అది కూడా మిగతా రెండు ముళ్ళ చాటున దాక్కుంటే ఇక చెప్పేదేముంది?

1949లో వాల్టర్ గ్రెథర్ అనే ఆయన దీన్ని పరీక్షించి చూశాడు. అనుభవజ్ఞులైన పైలట్లే ఆ మూడు ముళ్ళని చదవడానికి ఏడు సెకన్లు తీసుకున్నారు. నూటికి పదకొండుసార్లకు పైగా వెయ్యి అడుగులో, అంతకంటే ఎక్కువో తప్పు చెప్పారు. అదే ఎత్తుని నేరుగా అంకెల్లో చూపే నమూనాలైతే రెప్పపాటులో, దాదాపు తప్పు లేకుండా చదివారు. కాగితం మీద ఇంత స్పష్టంగా తేలింది కదా, వెంటనే మార్చేశారనుకుంటున్నారా? అబ్బే!

1958 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లో ఎయిర్ అనే వూరి దగ్గర ఒక వైకౌంట్ విమానం నేలకు తగిలింది. పైలటు ఎత్తుని పదివేల అడుగులు ఎక్కువగా చదువుకున్నాడు. అందులో వున్నది సిబ్బంది అయిదుగురే, అదృష్టం బాగుండి బతికారు. అదే సంవత్సరం క్రిస్మస్ ముందురోజు, ఇంగ్లండ్‌లో క్రైస్ట్‌చర్చ్ దగ్గర పొగమంచులో ఒక బ్రిటానియా విమానం ఇంకా చాలా ఎత్తున వున్నాననుకుని కిందకి దిగడం మొదలుపెట్టింది. కింద నేల వుంది. పన్నెండుమందిలో తొమ్మండుగురు పోయారు. అదే మూడు ముళ్ళ గడియారం, అదే పదివేల అడుగుల తప్పు. గ్రెథర్ పరీక్ష జరిగి అప్పటికి తొమ్మిదేళ్ళు. పండక్కి యిళ్ళల్లో ఎదురుచూసినవాళ్ళు ఆ తొమ్మిదేళ్ళ లెక్క ఎవరిని అడగాలి?

మంచి కూడా చెప్పుకోవాలి. ఫిట్స్, ఆయన సహచరులు పైలట్ల కళ్ళని సినిమా కెమెరాతో తీసి, ఏ పరికరాన్ని ఎన్నిసార్లు చూస్తారు, దేని తర్వాత దేనివైపు చూపు మళ్ళుతుంది అని లెక్కపెట్టారు. ఎక్కువసార్లు చూసేది నడుమ వుండాలి, వెంటవెంట చూసేవి పక్కపక్కన వుండాలి. వింటే ఇంతేనా అనిపిస్తుంది. నడుమ కృత్రిమ క్షితిజం, దానికి ఎడమ వేగం, కుడివైపు ఎత్తు, కింద దిక్కు. ఇంగ్లీషు 'టీ' అక్షరంలా కుదిరిన ఈ అమరిక కాలక్రమాన విమానాలన్నిటికీ ఆచారమైపోయింది. ఏ పుట్టింటికి వెళ్ళినా, ఏ అత్తింటికి వెళ్ళినా పోపులపెట్టె ఒకేచోట వున్నట్టు!

ఈ శాస్త్రానికి హ్యూమన్ ఫ్యాక్టర్స్ అని పేరు పెట్టారు. మనిషిని యంత్రానికి తగ్గట్టు వంచడం కాదు, యంత్రాన్ని మనిషి కంటికీ చేతికీ అలసటకీ తగ్గట్టు చెయ్యడం దాని పని. చపానిస్ విమానాలతో ఆగలేదు, వంటింట్లోకి కూడా వచ్చాడు. 1959లో ఆయన, లిండెన్‌బామ్ అనే ఇంకొకాయన కలిసి నాలుగు మంటల గ్యాసు పొయ్యి మీద పరీక్షలు చేశారు. ఏ మర తిప్పితే ఏ మంట? మంటలన్నీ చదరంగా, మరలన్నీ వరసగా వుంటే తికమక తప్పదు. వెనక మంటల్ని కాస్త పక్కకి జరిపి, మరల వరసకి ఎదురుగా వచ్చేట్టు పెడితే ఒక్క తప్పూ జరగలేదు. మరి ఈనాటికీ ఒక మర తిప్పి ఇంకో పొయ్యి దగ్గర లైటరు పట్టుకుని నిలబడుతున్నామంటే, లోపం మన బుద్ధిలో వుందంటారా?

మన దేశానికీ ఈ కథలో ఒక కన్నీటి పుట వుంది. 1978 జనవరి 1. కొత్త సంవత్సరం మొదటి రాత్రి. ఎయిరిండియావారి "ఎంపరర్ అశోక" అనే బోయింగ్ 747 విమానం బొంబాయి నుంచి దుబాయికి బయలుదేరింది. రెండు నిమిషాలైనా గడవకుండా బాంద్రా తీరానికి ఎదురుగా సముద్రంలో పడిపోయింది. 213 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఏం జరిగింది? కెప్టెన్ ముందున్న కృత్రిమ క్షితిజం పాడైంది. విమానం సరిగ్గా వున్నా కుడికి వాలినట్టు చూపించింది. ఆయన సరిచేద్దామని ఎడమకి తిప్పాడు. కింద నల్లటి సముద్రం, పైన నల్లటి ఆకాశం. బయటకి చూసి సరిపోల్చుకుందామంటే గీతే లేదు. మిగతా పరికరాల్ని చూసి విమానం వాలుని తెలుసుకోలేకపోయారని విచారణ తేల్చింది. నిజమే కావచ్చు. కాని ఒక పరికరం ఒక మాట, ఇంకోటి ఇంకో మాట చెప్తుంటే, ఏది నిజమో తేల్చుకోడానికి ఆ మనిషికి వున్నది ఎన్ని సెకన్లు? అబద్ధం చెప్పే పరికరం తాను అబద్ధం చెప్తున్నానని కూడా గట్టిగా చెప్పాలి. ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే కష్టమైన పాఠం అదే అనిపిస్తుంది.

తర్వాత కాలం మారింది. 1982లో బోయింగ్ 767, 1983లో 757 రకాలు రాకపోకలు మొదలుపెట్టాయి. వాటిలో చాలా ముళ్ళ గడియారాల చోటికి టీవీ తెరలు వచ్చాయి. 1989లో వచ్చిన 747-400లో దీపాలు, గడియారాలు, మీటలు అన్నీ కలిపి 971 నుంచి 365కి తగ్గాయి. అంతా సవ్యంగా వుంటే దీపం వెలగక్కర్లేదు, ఏదైనా చెడితేనే వెలగాలి అన్నది కొత్త పద్ధతి. అస్తమానం కేకలేసే ఇంటి పెద్ద మాట ఎవరూ వినరు. ఎప్పుడోగాని నోరెత్తనివాళ్ళు నోరెత్తితే ఇల్లంతా ఉలిక్కిపడి లేస్తుంది.

అయితే తెర వచ్చినంత మాత్రాన తంటా తీరలేదు. 1992 జనవరి 20న ఫ్రాన్సులో లియాన్ నుంచి స్ట్రాస్‌బర్గ్ వెళ్తున్న ఎయిర్‌బస్ ఎ-320 విమానం కొండకి కొట్టుకుంది. 96 మందిలో 87 మంది పోయారు. ఆ విమానంలో కిందకి దిగడం గురించి ఒకే గడిలో రెండు రకాలుగా చెప్పొచ్చు. వాలు కోణం ఎంచుకుంటే "-3.3" అని పడుతుంది. నిమిషానికి ఇన్ని అడుగులు అనే పద్ధతి ఎంచుకుంటే 3,300 అడుగులకి "-33" అని పడుతుంది. తేడా ఒక్క చుక్క! 3.3 కోణంలో దిగుదామనుకుని, పద్ధతి మార్చని కారణంగా దానికి నాలుగింతల వేగంతో దిగి వుంటారని విచారణచేసినవాళ్ళు భావించారు. ఆ తర్వాత ఆ గడిలో నాలుగంకెలూ పూర్తిగా, "-3300" అని కనబడేట్టు మార్చారు. రెండు సున్నాలు! పచ్చళ్ళ జాడీ మీద చీటీ అంటించినంత పని. అది ముందే జరిగి వుంటే ఎంత బాగుండేది!

పైలట్లు తప్పే చెయ్యరని నేనడం లేదు. నిర్లక్ష్యం అన్నిచోట్లా వుంటుంది, నాలోనూ వుంది. కాని ఒకే తప్పు వేర్వేరు మనుషులు, వేర్వేరు ఊళ్ళలో, మళ్ళీ మళ్ళీ చేస్తున్నారంటే, తిట్టడం ఆపి ఆ మీటవైపు ఒకసారి చూడాలి. తిడితే మనిషి భయపడతాడు. భయపడ్డవాడి చెయ్యి ఇంకా తడబడుతుంది. మీట మారిస్తే ఆ తప్పు మళ్ళీ పుట్టదు. పిల్లవాడు రోజూ పాలగ్లాసు తన్నేస్తున్నాడంటే, వాడి వీపు చూసేముందు గ్లాసు ఎక్కడ పెడుతున్నామో చూడటం మంచిదేమో!

పండగ వెళ్ళిపోయాక నేను బజారుకి వెళ్ళి కొత్త డబ్బా ఏమీ కొనలేదు. అటక మీదున్న అమ్మమ్మ జాడీ దింపి, కడిగి, ఎండబెట్టి, ఉప్పు అందులో పోశాను. కొబ్బరిచిప్ప గరిటె కూడా దొరికింది. పంచదార మాత్రం స్టీలు డబ్బాలోనే వుంచాను. కళ్ళు మూసుకుని రెండూ తడిమి చూసుకున్నాను. ఫరవాలేదు, చెయ్యి చెప్తోంది.

సాయంత్రం మా అత్తయ్యగారు కాఫీకని వంటింట్లోకి వచ్చి, జాడీని, గరిటెని చూసి, "ఇదేమిటమ్మా, మళ్ళీ మీ అమ్మమ్మ కాలంలోకి వెళ్ళిపోయావా?" అన్నారు.

"లేదత్తయ్యా, విమానంలోకి వెళ్ళొచ్చాను" అన్నాను.